మొదటి ఏడు ట్రాక్టర్ల మట్టి

రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా,
9 జూన్ 2025

చెల్లె భాగ్యలక్ష్మికి,

అన్న రాజలింగు దీవించి రాసేది. నువ్వు, బావ సమ్మన్న, పురిటికి వచ్చిన మన అక్షిత చల్లగా ఉండాలి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో మాట్లాడితే ఇల్లంతా వింటుంది. పిల్లలందరూ మరాఠీ బడుల్లో చదివారు, తెలుగు చదవడం మనిద్దరికే వచ్చు. ట్రాక్టర్ పోశం మీ ఊరికి వస్తుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

బొగ్గు కడిగే ఫ్యాక్టరీ మురుగుతో నల్లబడ్డ మా చెరువు కోసం పదకొండేళ్లు మూడు పంచాయతీల చుట్టూ తిరిగానని నీకు తెలుసు. ఒకరు ఔనంటే ఇంకొకరు అడ్డం పడేవారు. చివరికి ఒకే గ్రామసభలో కూర్చున్నారు. పూడిక తీయాలని, ఆ మట్టిని మూడూళ్ల రైతులు చేలకు తోలుకోవాలని తీర్మానించి నన్ను చెరువు కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. సర్పంచ్ అరవింద్ అందరి ముందు, "రాజన్నా, మూడూళ్లను నువ్వే ఒక్కటి చేసినవ్" అన్నాడు. ఏడుపొచ్చింది నాకు. మొదటి ఏడు ట్రాక్టర్లు ఇంటి ఆడబిడ్డవైన నీ చేనికే పోవాలని పట్టుబట్టాను. ఎవరూ కాదనలేదు.

కానీ చెల్లె, ఆ మట్టి పోసిన చేలు దున్నుతుంటే నాగలి వెనక ఒక్క కొంగ వాలడం లేదు. మేకలు గట్ల మీది గడ్డి ముట్టడం లేదు. పోయిన నెల పడ్డ అకాల వానకే పక్కింటి నర్సక్క బోరు నీళ్లలో నల్లటి తెట్టు కట్టింది. ఇప్పుడు మిరుగం కార్తె వచ్చింది. నేడో రేపో పెద్ద వాన పడితే ఆ మట్టి సారమంతా బావుల్లోకి దిగుతుంది. నాకు భయంగా ఉంది.

మీ చేని బావి నీళ్లు ఎవరూ తాగకండి. అక్షితను రేపే చంద్రపూర్‌లో అత్తగారింటికి పంపు. ఎందుకని బావ అడిగితే అన్న చాదస్తమని చెప్పు.

నీ మేలు కోరే అన్న,
రాజలింగు

మరో మాట: మట్టిలో సీసం, పాదరసం ఉన్నాయి, చేలకు వేయొద్దని ల్యాబ్ రిపోర్టు పని మొదలైన రెండో రోజే నా చేతికి వచ్చింది. అప్పటికి మట్టి పడింది మీ ఒక్క చేనులోనే. అది అందరి ముందు చదివితే మూడూళ్లు మళ్లీ విడిపోతాయని మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత రెండు వందల చేలకు నేనే దగ్గరుండి తోలించాను. పోయిన వారం మీ చేనికి వచ్చినప్పుడు అక్షిత బావి నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చింది. నేను దాహం లేదన్నాను. ఆ చెంబు తనే ఎత్తి తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను.