అవ్వ పెట్టిన బొట్టు

ఆదివారం, బహదూర్‌పల్లి

చిన్నప్పుడు ఆయుధపూజ నాడు అవ్వ నా వీడియోగేమ్ డిస్కుకు కూడా తడి కుంకుమ బొట్టు పెట్టింది, అదీ మెరిసే వైపే. గేమ్ నడవనంది. నేను తుడవబోతే అవ్వ, "తుడిస్తే కండ్లు పోతయి బిడ్డా" అంది. అవ్వ పోయాక ఇక తుడవడానికి చేతులు రాలేదు.

ఈరోజు ఆ డిస్కును గుండ్లపోచంపల్లిలో ఉండే నా దోస్తు నరేష్‌కు ఇచ్చాను. పాత గేమ్ డిస్కులను కంప్యూటర్లోకి ఎక్కించి కాపాడడం వాడి పిచ్చి.

"తుడువురా, జల్దీ అయితది," అన్నాడు.

"మా అవ్వ పెట్టింది."

వాడిక బొట్టు జోలికి పోలేదు. బొట్టు కింద కంప్యూటర్ చదవలేకపోయిన డేటా ముక్కను తన దగ్గరున్న అదే గేమ్ ఇంకో డిస్కులోంచి తీసి, సాఫ్ట్‌వేర్‌తో అతికించాడు. సాయంత్రానికి గేమ్ నడిచింది. వాడి కడుపు చల్లగుండ.

డిస్కును దేవుడి గూట్లో పెట్టాను. బొట్టు అంచు కొద్దిగా రాలుతోంది. గేమ్‌కైతే ఇప్పుడు కాపీ ఉంది. బొట్టులోని అవ్వ వేలిముద్రకు...