మిల్లు సైగలు

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు. అల్లుడికీ, మనవరాలికీ కూడా. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా బాగున్నారని నీ ఉత్తరం చదివి సంతోషించాం.

చేతిలో ఫోన్ ఉండగా మళ్ళీ ఈ కాగితాలేంటి అనుకుంటావు. ఫోన్ మోగితే అమ్మ పక్కనే వచ్చి కూర్చుంటుంది. పైగా నాకు ఫోన్లో ఆఁ, ఊఁ తప్ప ఇంకో మాట రాదని నీకు తెలిసిందేగా. రాస్తే కాస్త నయం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నా హెర్నియా నొప్పి పెరగలేదు, తగ్గనూ లేదు. డాక్టరు వచ్చే నెలలో ఆపరేషన్ అన్నాడు. తేదీ నన్నే చెప్పమన్నాడు, ఇంకా చెప్పలేదు. కుళాయి బాగుచేయించాను. మెట్ల మీద లైటు మాత్రం ఇంటివాళ్ళు వేయలేదు, అడగడానికి నాకు మొహమాటం. నువ్వు పంపిన చెప్పులు అమ్మకి సరిపోయాయి. కొత్తవి అరిగిపోతాయని దాచింది. ఎక్కడ దాచిందో వెతకడానికి నాకు ఒక పూట పట్టింది. బియ్యం డబ్బాలో ఉన్నాయి.

అమ్మ క్లాసు ఎలా జరుగుతోందని అడిగావు. క్లినిక్ మేడ మీద గదిలోనే జరుగుతోంది. మతిమరుపు జబ్బు మొదట్లో ఉన్నవాళ్ళు నలుగురు, వాళ్ళ పక్కన మాలాంటివాళ్ళం నలుగురం. టీచరమ్మ నీకంటే చిన్నది. ఒక సంగతి చెప్పి వెంటనే అడుగుతుంది. కబుర్లలో పెట్టి కాసేపాగి అదే అడుగుతుంది. ఇంకాస్త ఆగి మళ్ళీ. అలా ఎడం పెంచుకుంటూ పోతే మాట లోపలికి దిగుతుందట. రాకపోతే ఏమీ అనదు, తనే చెప్పి మళ్ళీ మొదలెడుతుంది. "పొయ్యి కట్టేసేటప్పుడు ఏం చేస్తారమ్మా?" అని అడిగితే, "మీట తిప్పి, కట్టేశాను అని పైకి అంటాను" అనాలి. బయటికి వెళ్తే తాళంచెవి మెడలో వేసుకోవాలి. కళ్ళజోడు తీస్తే గుమ్మం పక్కన పళ్ళెంలోనే పెట్టాలి. ఇలాంటివే. మాకు మాత్రం ఒకటే షరతు పెట్టింది, నోరు మెదపకూడదని.

అమ్మ అన్నీ చెప్పేస్తోందని నీకు రాశాను. చెప్పింది కూడా. క్లాసుకి వచ్చే లాయరుగారు ఒకరోజు, "ఈవిడకి ఏం జబ్బని తీసుకొచ్చారండీ? మా పరువు తీయడానికి కాకపోతే!" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ సిగ్గుపడుతూనే మురిసిపోయింది. ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

అది నమ్మే కదా నువ్వు రాశావు, "నాన్నా, నీ ఆపరేషన్ అప్పుడు అమ్మని మా ఇంటికి తెచ్చుకుంటాను, ఇంత బాగా నేర్చుకుందిగా, సెలవు పెట్టక్కర్లేదు, నేను షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా ఒక్కతే ఉంటుంది" అని. ఆ మాట చదివాకే ఈ కాగితాలు తీశాను.

తల్లీ, అమ్మని ఒక్కదాన్నీ వదలకు.

మేమిద్దరం నూలు మిల్లులో పక్కపక్క యంత్రాల మీద పనిచేసేవాళ్ళమని నీకు తెలుసు. ఆ మోతలో గొంతు చించుకున్నా వినపడదు. అన్నీ సైగలే. రెండు వేళ్ళు ఎడంగా పెడితే దారం తెగిందని. పిడికిలి తిప్పితే యంత్రం ఆపమని. మీసం దువ్వితే మేస్త్రీ వస్తున్నాడని. నన్ను చేసుకుంటావా అని నేను అమ్మని అడిగిందీ సైగతోనే. నోటితో అయితే ఇప్పటికీ అడిగి ఉండేవాణ్ణి కాదు. అమ్మ ఏం మర్చిపోయినా ఆ సైగలు మర్చిపోలేదు.

మొదటి రోజు క్లాసులో పొయ్యి ప్రశ్న అడిగితే అమ్మ నోరు తెరిచి అలా ఉండిపోయింది. లాయరుగారు చూస్తున్నాడు, అందరూ చూస్తున్నారు. అమ్మ మొహం ఎర్రబడింది. నాకు చూడబుద్ధి కాలేదు. ఒళ్ళో పిడికిలి తిప్పాను. అమ్మ చటుక్కున చెప్పేసింది. ఇక అప్పట్నుంచి ప్రతి ప్రశ్నకీ అంతే. నేను నోరు మెదపలేదు, చేతులు మెదిపాను. టీచరమ్మ శభాష్ అన్నప్పుడల్లా అమ్మతోపాటు నేనూ సంబరపడ్డాను. ఏమనుకున్నానో ఏమో, బుద్ధి లేకపోయింది.

అమ్మ చేతికి కట్టు ఎందుకని అడిగితే నూనె చిందిందని చెప్పాను కదా. అది అబద్ధం. ఆపరేషన్ ముందు పరీక్షలకని నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఇన్ని నేర్చుకుంది, ఫరవాలేదు అనుకున్నాను. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మాడు వాసనొచ్చి పైకి వెళ్ళేసరికి, గిన్నె నల్లగా మాడి పొగ కమ్మేసిందట. అమ్మ పొయ్యి ముందే నిలబడి, నేను కూర్చునే కుర్చీ వైపు చూస్తోందట. ఆవిడ కేక వేసేసరికి కంగారుపడి గిన్నె ఉత్త చేత్తో పట్టుకుంది.

నేను వచ్చి, "ఏమైంది నీకు? ఆపెయ్యొచ్చు కదా" అన్నాను.

"నువ్వు చెయ్యి చూపిస్తావని చూస్తున్నానయ్యా" అంది.

మర్నాడే వెళ్ళి టీచరమ్మకి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండేది. "మెదడుకి ఇంకా నేర్చుకునే శక్తి ఉన్న రోజులివి తాతగారూ. ఇన్నాళ్ళూ ఆవిడ మీవైపు చూడటం నేర్చుకున్నారు" అంది. ఆ పోయిన రోజులు తిరిగొస్తాయా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే, "మళ్ళీ మొదలెడదాం" అంది. నన్ను బయట వరండాలో కూర్చోమంది.

ఆ రోజు ఒక్క ప్రశ్నకీ జవాబు రాలేదట. అమ్మ బయటికొచ్చి నా మీద మండిపడింది. "నన్నొక్కదాన్నీ లోపల వదిలేసి ఎక్కడికి పోయావు?" అంది. మెట్లు దిగుతూ జరిగింది చెప్పాను. ఇన్నాళ్ళూ జవాబులు నేనే అందించానని, అది తప్పని. మెట్టు మీదే ఆగిపోయింది.

"మరి నాకు తగ్గుతోందనుకున్నానే" అంది.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నా చెయ్యి పట్టుకోలేదు.

క్లాసు మానేస్తుందనుకున్నాను, మానలేదు. ఇప్పుడు లోపల తను, వరండాలో నేను. ఇంట్లో అడిగేటప్పుడు కూడా తన వెనక నిలబడి అడుగుతున్నాను. తను ఆలోచిస్తుంది. చాలాసేపు పడుతుంది. ఆ ఊరుకోవడం నాకు చచ్చేంత కష్టంగా ఉంది. అయినా ఊరుకుంటున్నాను.

ఈ వారానికి అమ్మకి సొంతంగా వచ్చింది కళ్ళజోడు ఒక్కటే. పళ్ళెంలో పెడుతోంది, అడిగితే చెబుతోంది. పొయ్యి రాలేదు. తాళంచెవి రాలేదు. ఇంతకుముందు నీకు రాసినవన్నీ నా చేతులు చెప్పిన జవాబులు. వాటిని నమ్మి సెలవు మానుకోకు. సెలవు దొరికితేనే రాయి, అప్పుడే డాక్టరుకి తేదీ చెబుతాను. దొరక్కపోతే నొప్పి ఓర్చుకుంటాను, అదేం పెద్ద సంగతి కాదు.

ఇట్లు,
అమ్మకీ నీకూ తప్పు చేసిన
మీ నాన్న