ఓడ మోత

అక్కా,

బావ పదో రోజున నీ ఎదురుగా కూర్చున్నా నోరు పెగల్లేదు. అందుకే ఓడ మీద నుంచి రాస్తున్నాను.

పోయినేడు తిమింగలాల సర్వేలో బావ పన్నెండు రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లలోకి దించిన మైకుల్లో ఒక్క తిమింగలం కూత కూడా వినిపించలేదు.

"ఇంజను మోత ఎక్కువైందేమిట్రా?" అని నన్నడిగాడు.

"ఎప్పటిలాగే ఉంది బావా" అన్నాను.

అది అబద్ధం. ప్రొపెల్లరు ఇరుసు దగ్గర బేరింగు అరిగిపోయి మోత పెరిగిందని నాకు తెలుసు. చూసుకోవాల్సింది నేనే. చెబితే ఓడ వెనక్కి తిప్పుతారు, తప్పు నా మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను.

అక్కడ తిమింగలాలు లేవని బావ రిపోర్టు ఇచ్చాడు. నెల తిరక్కుండా వేరే ఓడవాళ్లు అదే చోట నలభై లెక్కపెట్టారు. "పెద్దాయనకు చెవులు మందగించాయి, పాపం" అన్నారు ఆఫీసులో. బావ కూడా అదే నమ్మి ఉద్యోగం మానుకున్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు కొత్త బేరింగు వేసి మళ్లీ అక్కడికే వచ్చాం. నిన్న బావ కుర్చీలో కూర్చుని విన్నాను. గంటలోపే వినిపించాయి. అలవాటు లేని నా చెవులకే వినిపించాయక్కా.

జరిగిందంతా రాసి కెప్టెనుకు ఇచ్చాను. ఉద్యోగం పోతే పోనీ. నన్ను క్షమించమని అడగను. బావ చెవులకు ఏ లోపమూ లేదని పిల్లలకు మాత్రం చెప్పు. చివరి రోజుల్లో మనమంతా ఆయనతో అరిచి మాట్లాడేవాళ్లం. ఎందుకలా అరుస్తారని ఆయన ఒక్కసారీ అనలేదు.

నీ తమ్ముడు