అంకెల కింద గీతలు

మార్చి 4, మంగళవారం

పాత కార్లు కట్టి అమ్మే డేల్ ఒప్పుకున్నాడు. నా పాత కార్లు ఎరుపుదీ నీలందీ రెండూ ఇచ్చి, అతడు తన షెడ్డులో కట్టిన రెస్టోమాడ్ ఒక్కటి తీసుకోవడం. బయటికి అచ్చంగా అరవై ఎనిమిది నాటి కారు. హుడ్ ఎత్తితే లోపల నేటి ఇంజన్, మీట నొక్కితే మేలుకునేది. మెత్తని సస్పెన్షన్. తల ఆనించుకోవడానికి వీలైన ఎత్తు సీట్లు... మెయిల్‌లో ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదివాను.

ఒక షరతు. ఎరుపు కారులోని ఇంజన్ ఆ కారుతో పాటు ఫ్యాక్టరీలో బిగించినదే అని చూపే ఫొటో కావాలి. ఇంజన్ దిమ్మె మీద కొట్టిన అంకెలు కనబడాలి, అంతే. అసలు ఇంజన్ ఉన్న ఎరుపు కారు కోసమే అతడి దగ్గర ఒకాయన ఎదురుచూస్తున్నాడట. ఆయన లేకపోతే ఈ మార్పిడి లేదు.

"ఫోన్‌తో తీస్తే చాలు, డాక్."

ఇంట్లో విమలకు చెప్పలేదు. తేలాక చెప్పవచ్చు.

మార్చి 5, బుధవారం

విమలకు ఫిజియోథెరపీ. మెడ ఎడమవైపు కొంత తిరుగుతోంది. కుడివైపు లేదు. మెడకు ఆపరేషన్ జరిగి ఐదు నెలలు. కుదుపు తగలనివ్వవద్దని మళ్ళీ అదే హెచ్చరిక.

ఎరుపు కారు సీటు భుజాల దగ్గరే ఆగిపోతుంది. తల వెనుక ఏమీ ఉండదు. పదకొండేళ్లు ఆమెను అందులో కూర్చోబెట్టి తిప్పాను. రోజూ మైక్రోస్కోపు కింద ఇతరుల శరీరాల ముక్కలు చూసి తీర్పు చెప్పేవాణ్ణి... పక్క సీటు మాత్రం చూడలేదు.

మార్చి 8, శనివారం

ఉదయం గరాజ్‌లో ఎరుపు కారు హుడ్ ఎత్తి, అంకెలున్న చోటు గుడ్డతో తుడిచి, ఫోన్‌తో ఫొటో తీశాను. స్పష్టంగా వచ్చింది. అంకెలన్నీ కాగితాలతో సరిపోతున్నాయి. అక్కడితో ఆగవచ్చు.

ఆగలేదు. అలవాటు. వసంతంలో బ్లూబానెట్ పూలు దగ్గరగా తీయడానికి కొన్న లెన్సు తొడిగి ఇంకొకటి తీశాను. కంప్యూటరు తెర మీద పెద్దది చేశాను, స్లైడు చూసినట్టు, ఎడమ మూల నుంచి మొదలుపెట్టి.

ఫ్యాక్టరీలో అంకెల చోటును చదునుగా కోసిన పనిముట్టు సన్నని గీతలు వదులుతుంది. అన్నీ తిన్నగా, ఒకే దిక్కుకు. అంకెలు వాటి మీద కొడతారు. ఈ ఫొటోలో అంకెల కింద ఉన్నవి తిన్నని గీతలు కావు. సుడులు. గుండ్రని రాపిడిబిళ్ళ తిరిగిన జాడ.

ఎవరో పాత అంకెలు అరగదీసి, కావలసిన అంకెలు కొట్టారు.

నాలుగుసార్లు చూశాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్ళీ చూశాను. ఫోన్ ఫొటోలో ఇదేమీ కనిపించదు. నునుపుగా, మర్యాదగా ఉంది.

మార్చి 9, ఆదివారం

ఆరాధన ముగిశాక, పార్కింగ్‌లో ప్రకాశం గారు. ఎరుపు కారు నాకు అమ్మింది ఆయనే. డెబ్భై ఎనిమిదేళ్లు, సంఘ పెద్ద, నేటికీ నా కారును 'మనది' అంటారు. ఇంజన్ ఎప్పుడైనా విప్పించారా అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"విప్పడమా? పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే నీ చేతికిచ్చానయ్యా డాక్టరూ. బోల్టు కూడా మార్చలేదు."

కళ్ళలో తడబాటు లేదు. ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి ఆ మాటను అంత గట్టిగా, అంతమంది ముందు అనడు.

"ఏం, అమ్మే ఆలోచనేమన్నా ఉందా?"

నవ్వి ఊరుకున్నాను. అదీ ఒక జవాబే, మంచిది కాదు.

తిరిగి వస్తూ, విమలతో రోజువారీ కారులోనే ఉత్తరం వైపు పొలాల దారి పట్టాను. ఆమె ఆపరేషన్ దాకా పదకొండేళ్లు, ఆదివారం ఆరాధన తరువాత ఎరుపు కారులో ఈ దారినే గంట సేపు. వారంలో మేమిద్దరం మాట్లాడుకునే గంట అది. ఇంట్లో ఆమెకు బ్యాంకు మీటింగులు, నాకు మౌనం. ఈ రోజు ఆమె దారంతా ఫోన్ చూసుకుంది.

"ఏమిటోనండీ, పళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నట్టుంది ఈ కార్‌లో."

సగం దారిలో వెనక్కి తిప్పాను.

మార్చి 10, సోమవారం

ఫోన్ ఫొటో పంపాను. ఫోన్‌తో చాలన్నది అతడే.

మార్చి 11, మంగళవారం

డేల్: చాలా బాగుంది, శనివారం రండి, మేడమ్‌ను కూడా తీసుకురండి.

మధ్యాహ్నం రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాను.

మార్చి 13, గురువారం

విమలకు మార్పిడి సంగతి చెప్పాను. అంకెల సంగతి చెప్పలేదు. రెండూ ఇచ్చేస్తారా అని అడిగింది. నీలం దానితో ఇంత అనుబంధం ఉందని తెలియదు నాకు... దాని పొగ పడక తుమ్మేది. కాసేపాగి, ఎత్తు సీట్లు అన్నారు కదా అంది.

మార్చి 15, శనివారం

ఫోర్ట్‌వర్త్ దాటి గంట. డేల్ షెడ్డు ఆపరేషన్ థియేటర్‌లా ఉంది, పనిముట్లన్నీ వరసగా. మనిషి భారీ, మాట నెమ్మది. ఎవరూ అడగకుండానే విమల కాలి కింద చిన్న పీట తెచ్చి వేశాడు, ఎక్కేటప్పుడు వంగనవసరం లేకుండా. ఆ పీట ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ముదురు ఆకుపచ్చ రంగు. మీట నొక్కాను. విమల చెవి పెట్టి విని,

"ఇది దగ్గదేం?"

నిజమే. ఎరుపుది ప్రతి ఉదయం ముసలాయన గొంతు సవరించుకున్నట్టు దగ్గి కానీ కదలదు.

పొలాల మధ్య ఇరవై నిమిషాలు. ఆమె మాట్లాడింది. బ్యాంకులో కొత్త మేనేజరు గురించి, యూత్ కూటంలో ఎవరో గిటార్ తీగ తెంపడం గురించి, ఇంటి ముందు ఓక్ చెట్టు కొట్టించాలా వద్దా అన్నదాని గురించి. రైలు పట్టాలు వస్తున్నాయి. పట్టాలు కనబడగానే ఆమె చెయ్యి మెడ మీదికి పోతుంది, ఆపరేషన్ అయినప్పటి నుంచీ. నేను వేగం తగ్గించాను.

చెయ్యి లేవలేదు. ఒడిలోనే ఉంది.

"పట్టాలు దాటేశామా?"

దాటేశామన్నాను.

డేల్ చెయ్యి కలిపాడు. ఇంకో రెండు వారాల్లో కాగితాలు.

మార్చి 16, ఆదివారం

ఆష్‌బర్న్ నుంచి మా అమ్మాయి ఫోన్. షారోన్‌కు మొత్తం చెప్పాను. ఎందుకో తనకే ముందు చెప్పాను. ఓపికగా వింది.

"నాన్నా, ఆయన ఫోన్ ఫొటో అడిగాడు. నువ్వు ఫోన్ ఫొటో ఇచ్చావ్. టెక్నికల్లీ యూ ఆర్ ఫైన్."

అవును.

"బట్ నువ్వు ఫైన్ కాదు కదా."

అమ్మకు చెప్పవద్దన్నాను. చెప్పను, నువ్వే చెప్తావ్ అంది.

మార్చి 17, సోమవారం

శుక్రవారం నేను సంతకం చేసి పంపిన రిపోర్టు ఒకటి. అనుమానం వదలక, ఆ కణజాలాన్ని ఇంకా లోతుగా కోయించి చూశాను. మొదట కనబడనిది కనబడింది. సర్జన్‌కు ఫోన్ చేశాను, అడెండమ్ రాశాను. పది నిమిషాల పని. పాత రిపోర్టును చెరపకూడదు. దాని కిందనే తేదీ వేసి ఏం మారిందో, ఎందుకు మారిందో రాయాలి. ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు రాశానో. ఒక్కసారీ సిగ్గుపడలేదు. సర్జన్ ఎప్పుడూ కోప్పడలేదు, ఆలస్యమైతే తప్ప.

ఆలస్యమైతే తప్ప.

మార్చి 18, మంగళవారం

విమల ఆరిన బట్టలు మడత పెడుతోంది. పక్కన కూర్చుని నేనూ మడత పెడుతూ చెప్పాను. రెండు ఫొటోలూ చూపించాను. చాలాసేపు చూసింది. సుడులు ఎక్కడున్నాయో వేలితో చూపించవలసి వచ్చింది.

"తెలిసి ఎన్నాళ్లయింది?"

"పది రోజులు."

"మరి ఈ మొదటిది ఎందుకు పంపారు?"

నీ మెడ, ఆ సీటు, ఆదివారాలు... ఒక వరసలో చెప్పలేకపోయాను. తువ్వాలు అంచుకు అంచు కలిపి, ఇంకోసారి మడిచి, పక్కన పెట్టి అప్పుడు అంది.

"నా మెడ పేరు చెప్పి అబద్ధం ఆడకండి."

గొంతు పెంచలేదు. మిగిలిన బట్టలు ఇద్దరమూ మడత పెట్టాము. గది వదిలి వెళుతూ గుమ్మంలో ఆగింది. మెడ తిరగదు కనుక మనిషే నా వైపు తిరిగింది.

"ఆ సీటు బాగుంది. అది వేరే సంగతి."

మార్చి 19, బుధవారం

డేల్‌కు పంపాను. తెలిసిన పద్ధతిలోనే రాశాను, వేరే పద్ధతి నాకు రాదు.

'మార్చి 10న పంపిన చిత్రం అసంపూర్ణం. పెద్దది చేసిన చిత్రం జతపరుస్తున్నాను. అంకెల కింది గీతలు తిన్నగా లేవు, సుడులుగా ఉన్నాయి. నా అభిప్రాయంలో పాత అంకెలను అరగదీసి వేరే అంకెలు కొట్టారు. ఎవరు, ఎప్పుడు అన్నది తెలియదు. నాకు అమ్మినవారికీ తెలియదని నమ్ముతున్నాను. నాకు మాత్రం మార్చి 8 నుంచి తెలుసు.'

చివరి వాక్యం రెండుసార్లు చెరిపేశాను. మూడోసారి ఉంచాను.

మార్చి 20, గురువారం

జవాబు లేదు.

ప్రకాశం గారికి చెప్పాలా? ఆయన నా దగ్గర రిపోర్టు అడగలేదు. మళ్ళీ పార్కింగ్‌లో అందరి ముందూ బోల్టు కూడా మార్చలేదంటే, నేను పక్కనే నిలబడి తల ఊపాలా? ఇంటికి వెళ్ళి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు... ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మార్చి 21, శుక్రవారం

జవాబు లేదు. మధ్యాహ్నం వడగళ్ళ హెచ్చరిక; ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఎరుపు, నీలం గరాజ్‌లో భద్రంగా. రోజువారీ కారు బయట, దుప్పట్లు కప్పాను. విమల కిటికీ దగ్గర నిలబడి, ఆ దుప్పటి మీ అత్తగారిది, తీసెయ్యండి అంది. తీసేశాను. వడగళ్ళు మా వీధిలో పడలేదు. ప్రతి కారు చప్పుడుకూ మెయిల్ చూసుకున్నాను, రెంటికీ సంబంధమేమిటో.

మార్చి 22, శనివారం

ఉదయం డేల్ ఫోన్. స్పీకర్‌లో పెట్టమని విమల సైగ.

ఎరుపు కారు కోసం ఎదురుచూసిన ఆయన తప్పుకున్నాడు. అది నేను ఊహించిందే. అతడి గొంతులో కోపం వెతికాను... ఉంది, కొద్దిగా, పది రోజులకు సరిపడేంత. ముందే చెప్పి ఉంటే ఆయనతో మాట పోయేది కాదన్నాడు. నిజమేనన్నాను. క్షమించమన్నాను. అవతల ఏదో రెంచి బల్ల మీద పెట్టిన చప్పుడు.

తరువాత నీలం కారు గురించి అడిగాడు. దాని ఇంజన్ అసలుదే అయితే, అలాంటిదాన్ని కోరేవాళ్ళు వేరే ఉన్నారు; అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడవచ్చు. ఎరుపుది ఎలా ఉందో అలాగే లెక్క వేసి. కాకపోతే ఆకుపచ్చ కారు నెలాఖరున ఇంకొకరికి.

"ఈసారి నీ లెన్సుతో తియ్యి, డాక్. ఫోన్‌తో వద్దు."

నీలం దాని అంకెలు కాగితాలతో సరిపోతాయని తెలుసు. ఎరుపు దానివీ సరిపోయాయి. నీలం దాని అంకెల కింద ఏముందో, అది కొన్న పద్నాలుగేళ్లలో ఎప్పుడూ చూడలేదు.

గరాజ్ తలుపు తెరిచాను. ఎండ సగం దాకా వచ్చింది. హుడ్ ఎత్తాను. అంకెలున్న చోట పాత గ్రీజు, దాని కింద ఎవరో పూసిన నారింజ రంగు. ద్రావకం, మెత్తని గుడ్డ, లెన్సు... అన్నీ బల్ల మీద వరసగా పెట్టాను. ఇంకా ముట్టుకోలేదు. ముందు ఇది రాస్తున్నాను.

విమల మడత కుర్చీ తెచ్చుకుని కారు పక్కన వేసుకుంది. వంగి చూడటం ఆమెకు కుదరదు, అయినా టార్చి తెచ్చింది. వెలుగు పడవలసిన చోటు అడిగి, అక్కడే నిలిపి పట్టుకుంది.

ఇదీ అసలుది కాకపోతే అని అడిగాను.

"తుడవండి ముందు. చెయ్యి లాగుతోంది నాకు."