అంకెలు సుప్రియవి, ఎర్తు తీగ నాది

అనకాపల్లి గవరపాలెంలో కాపురం ఉంటున్న బత్తిన కృపానిధి అనే నేను, తండ్రి కీర్తిశేషులు సత్తియ్య, వయస్సు అరవై ఆరు, వృత్తి కార్ల ఎలక్ట్రికల్ పని, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. వచ్చే వారం విశాఖపట్నంలో నా గుండెకు ఆపరేషన్ ఉంది. భయం లేదని డాక్టర్లు అన్నారు, అయినా రాయించడం మంచిదని నాకు తోచింది. నా చూపు, వినికిడి, జ్ఞాపకం సరిగానే ఉన్నాయి. నిన్న కూడా ఒక జీపుకి మొత్తం వైరింగు మార్చాను, ఒక్క ఫ్యూజు పోలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఈ నెల మూడో తేదీన రాయించిన వీలునామాను నా చేత్తో నేనే చింపేశాను. అది ఇక చెల్లదు. ఎందుకు చింపానో మూడో దఫాలో ఉంది.

ఒకటి. నా స్వార్జితమైన ఇల్లు నా తదనంతరం నా భార్య ఆరోగ్యమేరికి సర్వహక్కులతో చెందాలి. ఆమె కోటవురట్ల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేసింది. ఇల్లు కట్టేటప్పుడు వంటగదికి పెద్ద కిటికీ పెట్టమని అడిగింది. నేను వినలేదు. ఇప్పుడు ఆ గోడ కొట్టించుకోవచ్చు, నా ఆత్మ ఏమీ అనుకోదు.

రెండు. రింగురోడ్డులోని షాపు, స్థలంతో సహా, నా ఏకైక కుమార్తె రోజలిన్‌కి. ఆమె ఎలమంచిలిలో టీచరు. షాపు నడపాలని గానీ, బోర్డు మీద నా పేరు ఉంచాలని గానీ షరతు లేదు. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే. సీసం కరిగించి తీగలు అతికించే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఆమెకే ఇవ్వాలి. తొమ్మిదో ఏట దానితోనే చర్చి క్రిస్మస్ నక్షత్రానికి బల్బులు అతికించింది. చూపుడువేలి మీద అప్పుడు కాలిన మచ్చ ఇంకా ఉంది.

మూడు. నా పేరున ఉన్న తెల్ల ఎస్టీమ్ కారు, 1996 మోడల్. ఇది కూడా నా భార్యకే. ఈ దఫా పొడుగు, చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

ఆ కారుకి మొదట పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే పాత రకం కార్బురేటర్ ఉండేది. ఆరోగ్యమేరి రోజూ తెల్లవారుతూనే అందులో కోటవురట్ల వెళ్లేది. వానాకాలం నాలుగైదుసార్లు తిప్పితే గానీ ఇంజిన్ లేచేది కాదు. 2014లో నేను కార్బురేటర్ పీకేసి, ఇంజిన్‌కి కంప్యూటర్ పెట్టాలనుకున్నాను. తర్వాతి మోడల్ కారు నుంచి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, సెన్సార్లు తెచ్చాను. కంప్యూటర్ పెట్టె మాత్రం బెంగళూరు నుంచి కొత్తది, ఖాళీది తెప్పించాను. అందులో మనం రాసిందే ఉంటుంది. ఇంజిన్ ఎంత వేగంలో తిరుగుతున్నప్పుడు, ఎంత బరువు లాగుతున్నప్పుడు ఎంత పెట్రోలు కొట్టాలో గడికో అంకె చొప్పున రెండు వందల యాభై ఆరు గళ్లు నింపాలి. వైరింగు నాకు వచ్చు. ఆ అంకెలు నాకు రావు.

అవి నింపింది మైలపల్లి సుప్రియ. రాంబిల్లి అమ్మాయి. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, నా షాపులో బిల్లులు రాయడానికి చేరింది. ఆ పెట్టెతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం వారంలో చదివేసింది. రెండు నెలలు పూడిమడక రోడ్డులో, చేపల ఆటోల మధ్య, నేను కారు నడిపేవాణ్ని, ఆమె పక్క సీటులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక్కో గడి సరిచేసేది. చివరికి స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే బిస్కెట్ రంగులో ఉన్నాయి. అలా ఉంటే పెట్రోలు సరిగ్గా మండుతోందని అర్థం. కారు తాళం తిప్పగానే లేచేది. అంకెలు కూర్చిన ఆ ట్యూనింగ్ నేనే చేశానని ఊరంతా చెప్పుకున్నాను. ఆ ఫైలులో ట్యూనింగ్ చేసినవారి పేరు రాసే చోటు ఉంటుంది. ఆమె తన పేరు రాసుకుంటే, దాన్ని చెరిపి నా పేరు కొట్టాను. అది ఆమె చూసింది.

నలభై రోజులు బాగా నడిచింది. ఆగస్టులో ఒక వాన రోజు ఆరోగ్యమేరి రైలు గేటు దాటుతుండగా సరిగ్గా పట్టాల మీద ఇంజిన్ ఆగిపోయింది. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. గేటు మనిషి ఎర్ర జెండా పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆమెను దింపాడు. వెనక వస్తున్న ఆటోలోని జనం దిగి కారుని తోసేశారు. కొద్ది నిమిషాలకే రైలు వెళ్లింది. ఆమెకు దెబ్బ తగల్లేదు. కానీ మళ్లీ ఆ కారు ఎక్కలేదు. రిటైరయ్యేదాకా బస్సులోనే వెళ్లింది.

కారుని జీపుకి కట్టి షాపుకి లాక్కొచ్చింది కార్బురేటర్ మేస్త్రీ పరదేశి. కార్లలో కంప్యూటర్లంటే అతనికి మొదటి నుంచీ పడదు. పదిమంది ముందు, "ముందు ఎర్తు సూడు బావా" అన్నాడు. నాకు వైరింగు నేర్పడానికి వచ్చాడా అని కోపం వచ్చింది. ఆ రోజు నుంచి అతనితో మాట మానేశాను.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక విప్పి చూశాను. పరదేశి చెప్పిందే నిజం. కంప్యూటర్ ఎర్తు తీగని, అంటే కరెంటు కారు రేకులోకి తిరిగి చేరే తీగని, నేను పెయింటు గీకకుండా, రంగు రేకు మీదే బోల్టు వేసి బిగించాను. అదురుకి వదులై, వాన నీటికి తుప్పు పట్టింది. ఎర్తు అందకపోతే కంప్యూటర్ చచ్చినట్టే. కంప్యూటర్ చస్తే ఇంజిన్ ఆగుతుంది. కొత్తగా పనికి చేరినవాడు కూడా చేయని తప్పు అది. రేకు గీకి, తీగ మళ్లీ బిగించాను.

పొద్దున్న అందరి ముందూ, సుప్రియ లెక్క తప్పిందని చెప్పాను. తక్కువ వేగంలో పెట్రోలు చాలక ఇంజిన్ ఆగిందన్నాను. ఆమె ముఖం నల్లబడింది. "నా లెక్కకి మేడమ్ పేనం పోయీదేనా సార్?" అని అడిగింది. కాదని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. మర్నాటి నుంచి ఆమె పనికి రాలేదు. తర్వాత వేరే షాపులవాళ్లు ఆమె గురించి అడిగితే వాళ్లకీ అదే చెప్పాను. ఎవరూ పని ఇవ్వలేదు. నా అబద్ధం నిలబడాలని ఆమె అంకెలను పెంచేశాను కూడా. అప్పటి నుంచి ఆ కారు పెట్రోలు కంపు కొడుతూనే నడిచింది.

మూడో తేదీన రాయించిన వీలునామాలో కారుని సుప్రియకి రాసి, ఈ నిజమంతా నేను పోయాక చదివి వినిపించాలని పెట్టాను. దస్తావేజు లేఖరి త్రినాధరావు రాయడం పూర్తిచేసి, కలం మూత పెట్టి అన్నాడు: "నువ్వు పోయేక ఇది సదివితే, ఆ పిల్ల ఎవుల్ని అడుగుతాది మావా? బతికున్నప్పుడే సెప్పీయ్."

రెండు రోజులు ఆలోచించి ముందు నా భార్యకి చెప్పాను. అప్పుడు ఆమె చిక్కుళ్లు ఒలుస్తోంది. గిన్నె నిండేదాకా ఒలిచింది. చేతులు కడుక్కుని, "పదండి, రాంబిల్లి యెల్దాం" అంది. బస్సుకి వెళ్దామన్నాను. ఆమె వెళ్లి కారులో కూర్చుంది, పదకొండేళ్ల తర్వాత.

సుప్రియకి ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు. రాంబిల్లిలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతోంది. నా భార్యకి కుర్చీ వేసింది. నాకు వేయలేదు. నిలబడే అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కారులో ల్యాప్‌టాప్ ఉందా అని అడిగింది. ఉంది. తీగ తగిలించి, గళ్లు చాలాసేపు చూసింది. "ఇవి నా అంకెలు కావు" అంది. నేనే మార్చానని ఒప్పుకున్నాను.

అప్పుడు నా భార్యతో, "మేడమ్, మీరు నడుపుతారా? నేను పక్కన కూకుంటాను" అంది. ఇద్దరూ సముద్రం వైపు వెళ్లిపోయారు. జిరాక్సు మిషను దగ్గర నన్ను కూర్చోబెట్టారు. రెండు గంటలపాటు ఆధార్ కార్డులు, పట్టా పుస్తకాలు జిరాక్సు తీశాను. వాళ్లు తిరిగొచ్చేసరికి ఇంజిన్ చప్పుడే మారిపోయింది. పొగలో కంపు లేదు. ఫైలులో నా పేరు స్థానంలో ఆమె పేరు ఉంది. నన్ను క్షమించమని అడిగాను. "ఇప్పుడే సెప్పలేను సార్. సెప్పాలనిపిత్తే ఫోన్ సేత్తాను" అంది. న్యాయంగానే ఉందనిపించింది.

కాబట్టి అందరికీ తెలియవలసింది ఏమంటే, ఆ కారు ట్యూనింగ్ సుప్రియ చేసింది. అందులో తప్పు లేదు. గేటు దగ్గర ఇంజిన్ ఆగింది నా పని వల్ల. ఈ నిజమంతా పది ప్రతులు రాయించి, రింగురోడ్డులో ఉన్న కార్ల షాపులన్నిటికీ నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. ఎవరికైనా అందకపోతే రోజలిన్ ఇవ్వాలి.

నాలుగు. నా దగ్గరున్న కార్బురేటర్లు, జెట్లు, గాస్కెట్లు, మూడు డబ్బాల సామాను, పరదేశికి. మొన్న అతని షాపుకి వెళ్లి, ఎర్తు చూడమన్న నీ మాటే నిజమయ్యిందని చెప్పాను. చేతిలో స్పానర్ దించకుండా, "ఎప్పుడన్నాను బావా?" అన్నాడు. అతనికి గుర్తే లేదు. నేను పదకొండేళ్లు మోసిన మాట అది.

అయిదు. కొత్త వీలునామాలో కూడా కారుని సుప్రియకే రాయాలనుకున్నాను. పదిహేనో తేదీన ఆమె ఫోన్ చేసింది. క్షమించానని చెప్పడానికి కాదు. వీలునామాకి సాక్షులుగా ఎవరు సంతకం పెడతారని అడిగింది. ఒకరు నా పక్క షాపు ఫోటో స్టూడియో దేవీప్రసాద్ అని, రెండో మనిషిని ఇంకా అడగలేదని చెప్పాను. తాను పెడతానంది. అలా పెట్టిన సాక్షికి అదే వీలునామా కింద ఆస్తి చెల్లదని, కారు పోగొట్టుకుంటుందని త్రినాధరావు చేత చెప్పించాను. ఫోన్ మళ్లీ నాకు ఇమ్మని అడిగి ఇలా అంది:

"కారు మేడమ్‌కి రాసీండి సార్. ఈ కాయితం మీద నా పేరు నా సేత్తో రాసుకుంటాను."

అందుకే కారు నా భార్యకి రాశాను.

పై అయిదు దఫాలూ నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉన్నాయి. ఈ దిగువ సాక్షుల ఎదుట నేను, నా ఎదుట వారు సంతకాలు చేశాము.

అనకాపల్లి, 2025 సెప్టెంబరు 19.

(సంతకం) బత్తిన కృపానిధి

రాసినది: శరగడం త్రినాధరావు, దస్తావేజు లేఖరి, అనకాపల్లి

సాక్షులు:

1. కాండ్రేగుల దేవీప్రసాద్, ఫోటో స్టూడియో, రింగురోడ్డు, అనకాపల్లి

2. మైలపల్లి సుప్రియ, ఇంజిన్ కంప్యూటర్ ట్యూనర్, రాంబిల్లి