పద్నాలుగో ప్రశ్న

మార్చి 18, మంగళవారం. మధ్యాహ్నం

సైకాలజీ పరీక్ష అయింది. పేపర్ తయారుచేసిన మహానుభావుడెవరో గానీ మా మీద పగ తీర్చుకున్నాడు. రెండో సెక్షన్‌కి వచ్చేసరికి హాల్లో సగం మంది పెన్నులు కింద పెట్టి ఫ్యాన్ వైపు చూశారు. నేను మాత్రం చెయ్యి పడిపోయేలా రాశాను.

అసలు గొడవ పద్నాలుగో ప్రశ్న దగ్గర. ఎనిమిది మార్కులు. ఒక విద్యార్థి కొన్ని నెలలుగా దిగులుగా ఉన్నాడు, ఎవరితోనూ కలవడు, చదువు మీద దృష్టి లేదు. ఈమధ్య హఠాత్తుగా ప్రశాంతంగా కనిపిస్తున్నాడు, నవ్వుతున్నాడు, తనకు ఇష్టమైన వస్తువులు స్నేహితులకు ఇచ్చేస్తున్నాడు. మీ అంచనా ఏమిటి, మీరేం చేస్తారు. ఇంతే ప్రశ్న.

బయటికి రాగానే సైకిల్ స్టాండ్ రేకుల కింద చేరాం. ఏ పరీక్ష అయినా పోస్ట్‌మార్టం అక్కడే. ర్యాంకు మొదలుపెట్టింది. చిన్నప్పటినుంచీ ఫస్టే కాబట్టి ఆ పిల్ల పేరే ర్యాంకు అయిపోయింది. ఆ అబ్బాయి కోలుకుంటున్నాడని రాసిందట. దిగులు పోయింది, నవ్వుతున్నాడు, తన వస్తువులు పంచుకుంటున్నాడు, ఇంకేం కావాలి అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా అమ్మయ్య, మేమూ అదే రాశాం అన్నారు.

నేనూరుకుంటానా. తప్పు, అది కోలుకోవడం కాదు, అన్నిటికన్నా ప్రమాదమైన దశ అదే, చచ్చిపోవాలని నిర్ణయం తీసేసుకున్నాడు కాబట్టే ఆ ప్రశాంతత, అందుకే ఆ పంపకాలు అన్నాను. సైకాలజీ మేడమ్ ఈ సంగతి చెప్పినరోజు మీరంతా స్పోర్ట్స్ డే ప్రాక్టీసంటూ గ్రౌండ్‌లో తిరిగారు అని కూడా అన్నాను. ర్యాంకు మొహం మాడిపోయింది. నిజం చెప్పాలంటే నాకు భలే హాయిగా అనిపించింది.

స్పానర్‌ని అడిగాం, నువ్వేం రాశావురా అని. వాళ్ల నాన్న బస్ డిపోలో మెకానిక్. ఎవరి సైకిల్ చైన్ ఊడినా వీడే ఎక్కిస్తాడు, పేరు అలా వచ్చింది. పోయినేడు ఇదే పరీక్ష తప్పి ఈసారి మాతో కూర్చున్నాడు. ఒక్క లైన్ రాశానన్నాడు. అతన్ని కదిలించకండి, ఇప్పుడిప్పుడే కాస్త హాయిగా ఉన్నాడు, అని. అందరూ పడీపడీ నవ్వారు. ఎనిమిది మార్కులకి ఒక్క లైనా అని ర్యాంకు నెత్తి కొట్టుకుంది.

నేను వాడి ముందు నిలబడి నా జవాబు మొత్తం అప్పజెప్పాను. నేరుగా అడగాలి. ఒంటరిగా వదలకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. పెద్దవాళ్లకి చెప్పాలి. వాడు నవ్వుతూ విన్నాడు. నీకు ఎనిమిదికి ఎనిమిదీ వస్తాయిలే డాక్టరమ్మా అన్నాడు.

వస్తాయి కూడా.

మార్చి 19, బుధవారం. సాయంత్రం

నన్ను డాక్టరమ్మ అని ఊరికే అనరు. ఈ సబ్జెక్ట్ తీసుకున్న మొదటి నెలలోనే నాన్న గురకకి ఒక జబ్బు, పక్కింటావిడ ఫోన్ మాటలకి ఇంకో జబ్బు అంటగట్టాను. తాళం వేశాక మళ్లీ లాగి చూసుకుంటుందని పిన్నికి పెద్ద పేరే పెట్టాను. పిన్ని ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది, ఆపైన చాలాకాలం మా గడప తొక్కలేదు. ఇంకోసారి మనుషులకి జబ్బులు అంటగట్టావంటే ఆ పుస్తకాలు తూకానికి వేసేస్తానని అమ్మ వార్నింగ్ ఇచ్చింది. క్లాసులో మేడమ్ రూల్ కూడా అదే. బతికున్న మనిషికి పుస్తకంలోని జబ్బు పేరు తగిలిస్తే ఆ పీరియడ్ వరండాలోనే. అందరికన్నా ఎక్కువ నిలబడింది నేనే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే స్పానర్ ఇందాక వచ్చి వెళ్లాడు. నా నోట్స్ తిరిగివ్వడానికి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ మెడలో ఉన్న హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు. ఉంచుకో అన్నాడు. చెవులు నొప్పెడుతున్నాయట.

ఆ హెడ్‌ఫోన్స్ ఎవరు ముట్టుకున్నా మీద పడి కరిచేవాడు.

మార్చి 20, గురువారం

ర్యాంకు ఫోన్ చేసి తెగ మురిసిపోయింది. స్పానర్ తన చేపల తొట్టి వాళ్లింటికి తెచ్చి ఇచ్చాడట, చేపలతో సహా, మేత డబ్బాతో సహా.

మార్చి 21, శుక్రవారం. ఉదయం

నేనేమీ అనుకోవడం లేదు.

చెవులు నిజంగానే నొప్పెట్టవచ్చు. చేపలకి రోజూ నీళ్లు మార్చే ఓపిక లేకపోవచ్చు. పరీక్షలయ్యాయి కాబట్టి నవ్వుతున్నాడు, అందరం నవ్వడం లేదా. తెలిసిన ప్రశ్న పేపర్లో వచ్చిందని ఇప్పుడు కనబడిన ప్రతివాడిలోనూ అదే చూస్తున్నాను. ఈ జబ్బుకి కూడా పుస్తకంలో ఒక పేరు ఉండే ఉంటుంది.

కానీ చలికాలమంతా వాడు మాతో కూర్చుని అన్నం తినలేదు. లంచ్ బెల్ కొట్టగానే లైబ్రరీలోకి పోయేవాడు. చదువుకుంటున్నాడనుకున్నాం. చదువుకున్నవాడు ఒక్క లైన్ రాస్తాడా.

మార్చి 21. మధ్యాహ్నం

వాళ్ల వీధి చివర షాపు దగ్గర దొరికాడు. నేరుగా అడగాలి అని పరీక్షలో ఎంత ధీమాగా రాశాను! చక్కటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ. వాడి ఎదురుగా నిలబడితే ఆ ప్రశ్న తెలుగులో ఎలా ఉంటుందో కూడా తట్టలేదు. నోరు తెరిచి, ఆన్సర్ కీ ఎప్పుడు పెడతారో తెలుసా అని అడిగాను. తెలీదన్నాడు. ఎండగా ఉంది, ఇంటికెళ్లు అన్నాడు. నా సైకిల్ టైర్ వంగి చూసి, గాలి తగ్గింది, కొట్టించుకో అన్నాడు.

అదేదో అప్పగింతల్లా ఉంది. భయమేసింది.

మార్చి 21. సాయంత్రం

మేడమ్‌కి పొద్దుటినుంచీ ప్రయత్నిస్తుంటే ఇప్పుడు దొరికింది. పేపర్లు దిద్దే క్యాంప్‌లో ఉందట, పగలంతా ఫోన్లు గేటు దగ్గర పెట్టేయాలట. ఎవరో చెప్పకుండా విషయం చెప్పాను. మధ్యలో రూల్ గుర్తొచ్చి ఆగిపోయాను. పేరు తగిలించొద్దని మీరే కదా అన్నారు అన్నాను.

 పేరు పెట్టొద్దన్నాను గానీ అడగొద్దని ఎప్పుడన్నానమ్మా అంది మేడమ్. పొరపాటైతే నవ్వుకుంటారు, అంతే కదా, రేపు పొద్దున్నే వెళ్లి అడుగు అంది. రేపు క్యాంప్‌కి సెలవట, అడిగిన వెంటనే తనకి ఫోన్ చేయమంది. అబ్బాయి ఎవరు అని కూడా అడిగింది. రేపు చెప్తానని పెట్టేశాను. అప్పుడే చెప్పాల్సింది.

మార్చి 22, శనివారం. మధ్యాహ్నం

అడిగాను.

వాళ్లమ్మ ఆస్పత్రి క్యాంటీన్‌లో డ్యూటీ, నాన్న డిపోలో. ఒక్కడే ఉన్నాడు. గది ఇంత నీట్‌గా ఎప్పుడూ లేదు. బల్ల మీద తొట్టి ఉన్నచోట నాలుగు పలకల మచ్చ మిగిలింది. నేను కూర్చోలేదు కూడా. చచ్చిపోదామనుకుంటున్నావా అని అడిగేశాను. గొంతు ఎక్కడో పైకి పోయింది, కాకి అరిచినట్టుంది.

నవ్వుతాడనుకున్నాను. దేవుడా, నవ్వితే బాగుండు అనుకున్నాను. వాడు నవ్వలేదు. మంచం మీద కూర్చుని, మళ్లీ తప్పితే నాన్న మొహం చూడలేను అన్నాడు. తర్వాత అదొక్కటే కాదులే అన్నాడు. పొద్దున లేవగానే ఈ రోజంతా ఎలా గడపాలా అనిపిస్తుందట. ఈమధ్య ఒకటి నిశ్చయించుకున్నాక తేలికైందట. రిజల్ట్స్ వచ్చేదాకా ఏమీ లేదు, కంగారు పడకు అని నాకే ధైర్యం చెప్పాడు.

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని ఎవరికీ చెప్పనని మాటివ్వు అన్నాడు.

ఇచ్చాను. మూడో పాయింట్. కింద గీత గీసి రాసిన పాయింట్. వాడి కళ్లలో నీళ్లు చూసి ఇచ్చేశాను. వాళ్లమ్మ వచ్చేదాకా కూర్చుని ఇంటికొచ్చేశాను. మేడమ్ ఫోన్ వస్తోంది. ఎత్తడం లేదు.

మార్చి 22. సాయంత్రం

మాట తప్పితే వాడు నన్ను జన్మలో నమ్మడు. తప్పకపోతే.

మార్చి 23, ఆదివారం. ఉదయం

అమ్మకి చెప్పేశాను. పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరగకుండా విన్నది. మళ్లీ మొదలెట్టావా అంటుందని ఎదురుచూశాను. పొయ్యి ఆపింది. రాత్రంతా ఇది కడుపులో పెట్టుకుని పడుకున్నావా అంది. మాటిచ్చానమ్మా అంటే, ఆ మాట తప్పిన పాపం నాకు రాయమని చెప్పు దేవుడికి, నడు అంది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. వాళ్లింట్లో ఎవరూ ఫోన్ ఎత్తకపోయేసరికి, దారిలోనే కాబట్టి ముందు డిపోకి పోయాం.

మార్చి 23. మధ్యాహ్నం



అంకుల్ ఒక బస్సు కింద పడుకుని ఉన్నారు. కాళ్లే కనిపించాయి. పిలిస్తే బయటికి వచ్చి, ఏమ్మా, మావాడు ఏమైనా అల్లరి చేశాడా అన్నారు. నేను మొదలుపెట్టగానే ఆయన నవ్వారు. భలేదానివే, వాడికేం, ఈ పది రోజులుగా బంగారంలా ఉన్నాడు అన్నారు. వేళకి తింటున్నాడట. అడక్కుండానే స్కూటర్ కడిగాడట. మొన్న పక్కన కూర్చుని కాళ్లు కూడా పట్టాడట. నా కొడుకు మళ్లీ నాకు దొరికాడమ్మా అన్నారు.

ఆయన ఒక్కొక్కటీ సంతోషంగా చెప్పుకుపోతున్నారు. నాకు ప్రశ్న మొత్తం తెలుసు. జవాబు తెలుసు. ఈయనకి దాన్ని చెప్పే మాట ఒక్కటీ రాలేదు. అమ్మ ముందుకొచ్చింది. అన్నయ్యగారూ, బాబు చనిపోవాలనుకుంటున్నాడు, మా అమ్మాయితో వాడే చెప్పాడు అంది.

 అంకుల్ కొళాయి దగ్గరకు వెళ్లి సబ్బు పొడి వేసి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. గ్రీజు పోవడం లేదు. మళ్లీ వేసుకున్నారు. మళ్లీ రుద్దారు. పక్కనున్న మెకానిక్ ఏమైందన్నా అని భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు కదిలారు. కొళాయి కట్టకుండానే స్కూటర్ దగ్గరకు పరిగెత్తారు.

మేమూ వెనకే ఆటోలో వెళ్లాం. వాడే తలుపు తీశాడట. మేం చేరేసరికి అంకుల్ గుమ్మంలోనే వాడిని పట్టుకుని నిలబడి ఉన్నారు. వాడి తెల్ల బనియన్ నిండా నల్లటి చేతి ముద్రలు. వాడు ఆయన భుజం మీదుగా నన్ను చూశాడు. వచ్చేశాయా ఎనిమిదీ అన్నాడు.

 అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది. మేడమ్‌కి ఫోన్ చేస్తే తనకు తెలిసిన డాక్టర్ నంబర్ ఇచ్చింది, ఈ రోజే తీసుకెళ్లమంది. అంకుల్ తీసుకెళ్లారు. క్యాంటీన్ ఏప్రన్‌తోనే ఆంటీ అక్కడికి చేరుకుందట.

మార్చి 26, బుధవారం

వాడి నుంచి మెసేజ్. నా జోలికి రాకు, నీ మొహం చూపించకు, అని. పదిసార్లు చదువుకున్నాను. ఏడుపొచ్చింది. వాడి వేళ్లే టైప్ చేశాయి కదా, ఉన్నాడు కదా అని కూడా అనిపించింది.

ఏప్రిల్ 2, బుధవారం

ఆన్సర్ కీ పెట్టారు. పద్నాలుగు నేను రాసినట్టే ఉంది, అచ్చంగా అవే పాయింట్లు. క్లాసంతా మెసేజ్‌లు, డాక్టరమ్మకి జై అని. ఫోన్ బోర్లా పెట్టాను.

అందరూ పేపర్ గురించి మాట్లాడుతుంటే ర్యాంకు మాత్రం ఇంటికొచ్చింది. తనకి ఎలా తెలిసిందో అడగలేదు. తొట్టి తెచ్చినప్పుడు నేను థాంక్స్ చెప్పానే, సెల్ఫీ కూడా దిగానే అని ఒకటే ఏడుపు. నేను వాడి ముందు నిలబడి జవాబు అప్పజెప్పాను అన్నాను. ఆ రోజు వాడు అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి వింటున్నాడు. మేం మార్కులు లెక్కేసుకుంటున్నాం.

 పుస్తకం మీద కోపం వచ్చింది. అంతకన్నా నామీద వచ్చింది. అమ్మ టీ తెచ్చి పెట్టి, తాగమని కసిరింది.

ఏప్రిల్ 12, శనివారం. సాయంత్రం

అంకుల్ ఫోన్ చేశారు. డాక్టర్ దగ్గరికి వారం వారం వెళ్తున్నారట, మందులు వేసుకుంటున్నాడట, కొన్ని రోజులు బాగుంటున్నాడు, కొన్ని రోజులు లేడు అన్నారు. ఉండమ్మా, ఇస్తాను అన్నారు.

వాడు తీసుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు. ఊపిరి వినిపిస్తోంది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి, ఎవరితో మాట్లాడుతున్నావే అంది. మాట్లాడటం లేదమ్మా, ఉండు అన్నాను.