అమ్మ దిండు

అత్తయ్యా,

మీరు లేని ఇంటికి మీ అబ్బాయిని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి తొమ్మిది రోజులైంది. మీకు చేసిన గుండె ఆపరేషనే ఆయనకూ చేశారు. అప్పట్లో మీ నొప్పి రాసినట్టే, ఇప్పుడు పూటపూటా ఆయన నొప్పి సంగతి పుస్తకంలో రాస్తున్నాను. ఎప్పుడడిగినా "ఏం లేదు" అనేవారు. అదే రాసేదాన్ని.

ఈ ఉదయం పక్కింట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే ఘాటు మన వరండాలోకి కొట్టింది. ఆయన దగ్గలేదు. ఊపిరి బిగపట్టారు, కళ్లవెంట నీళ్లు కారాయి. దగ్గి కఫం బయటికి పోగొట్టాలని డాక్టరుగారు మరీమరీ చెప్పి పంపారు. నొప్పికి భయపడి ఇన్నాళ్లూ దగ్గు మింగేస్తున్నారని అప్పుడర్థమైంది.

బీరువాలోంచి మీ చిన్న దిండు తీశాను. మన చేలో పండిన పత్తికి గింజలు తీసి మీరు కుట్టుకున్నది, దగ్గొస్తే రొమ్ముకు అదుముకున్నది.

"మా అమ్మది ఇంకా ఉంచావా?"

"ఉంచాను. గట్టిగా హత్తుకుని దగ్గండి."

దగ్గారు. "అబ్బా, చచ్చానే!" అని అరిచారు. తర్వాత నెమ్మదిగా, "కోసినచోట మొదటిరోజు నుంచీ లాగుతూనే ఉందే" అన్నారు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే మాత్ర మార్చారు. మీరు ఆనాడు ఏ నొప్పీ నా దగ్గర దాచుకోలేదు. ఏం చేయాలో నాకు తెలిసింది అందుకే, అత్తయ్యా. పుస్తకంలో మొదటిసారి "నొప్పి ఉంది" అని రాసి, స్థిమితపడ్డాను.

మధ్యాహ్నం, దిండు ఎండలో వేస్తాను, ఇవ్వమన్నాను. గలీబు మాత్రం ఊడదీసి ఇచ్చి, దిండు రొమ్ముకు అదుముకున్నారు.

మీ కోడలు